నాన్న కాలికి నప్పే కన్వర్టరు

మొన్న ఆదివారం పొద్దున మా అక్క మనవరాలు హారిక ఏలూరులో మా ఇంటి ముందు వ్యాను ఆపి, వెనక తలుపు తీసి, "చిన్నమ్మమ్మా, ఇదేంటో గుర్తుందా?" అని అడిగింది. గోనెపట్టా మీద తుప్పు పట్టిన ఇనప గుమ్మడికాయ లాంటిది పడి ఉంది. గుర్తుండకేం! పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి కూడా మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. హారికకు ఇరవై ఏడేళ్ళు. ఇంజనీరింగు చదివి, ఉద్యోగం చెయ్యనని మొండికేసి, బైపాసు పక్కన పాత కార్లు బాగుచేసే షెడ్డు పెట్టుకుంది. పెళ్ళిళ్ళలో కూడా దాని గోళ్ళ కింద గ్రీజు ఉంటుంది. గుండుగొలనులో మా పొలం పాకలో ఎన్నేళ్ళుగానో కొబ్బరిమట్టల కింద మూలుగుతున్న మా నాన్న అమెరికా కారును ఈ ఏడాది తన షెడ్డుకు లాక్కుపోయింది. దానికి మళ్ళీ ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను బిగిస్తుందట. అలాంటి బండిని మజిల్ కారు అంటారట. మా రోజుల్లో ఊరంతా దాన్ని ఏనుగు కారు అనేవారు, పేరూ నప్పింది, తిండీ నప్పింది.

"ఈ టార్కు కన్వర్టరు పాకలోనే దొరికింది. పాతదే వెయ్యనా, చిన్నది తెప్పించనా అని ఆలోచిస్తున్నా. ఇది వేసినప్పుడు బండి నడిపినవాళ్ళలో నువ్వొక్కదానివే మిగిలావు. ఎలా ఉండేదో చెప్పవూ" అంది. "అది వెయ్యకే" అన్నాను. ఎందుకని అడిగింది. అప్పటికి పాలు పొంగి పొయ్యి ఆర్పేసిన వాసన వస్తోంది. ఆ వంకతో లోపలికి వెళ్ళి గిన్నె దించాను. ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను అడిగినవాళ్ళు లేరు. అడిగితే ఏం చెప్పాలో నాకు పంతొమ్మిదో ఏటి నుంచీ తెలుసు.

ఆ కారు మా పెదనాన్న మద్రాసులో వేలంలో కొన్నది. రెండే తలుపులు, గదంత ముందు భాగం. మొదట్లో దానికి గేరు మార్చే పనే లేదట, దానంతటదే మార్చుకునేదట. పెట్రోలు పొయ్యలేక పెదనాన్న దాన్ని నాన్నకు ఇచ్చేశాడు. నాన్న పెట్రోలు ఇంజను తీయించి డీజిల్ ఇంజను వేయించాడు, ఆటోమేటిక్ గేరుబాక్సు బాగుచేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని అదీ తీయించి మామూలు క్లచ్చి, మామూలు గేర్లు పెట్టించాడు. తీసేసిన గేరుబాక్సునూ, ఇంజనుకూ దానికీ మధ్య క్లచ్చికి బదులుండే కన్వర్టరునూ గోనెసంచుల్లో చుట్టి ధాన్యపు కొట్లో దాచాడు. ఏ వస్తువునూ పారెయ్యడం ఆయన వల్ల కాదు. నాన్నకు పొలం ఎంత ఇష్టమో స్టీరింగు అంత ఇష్టం. దాళ్వా నాట్లు పడ్డాక ఏ పనీ లేకపోయినా నల్లజర్ల దాకా వెళ్ళి, అక్కడ టీ తాగి వెనక్కి వచ్చేవాడు. ఎక్కడికి వెళ్ళారండీ అని అమ్మ అడిగితే, "ఇక్కడికేనే" అనేవాడు.

ఒక సార్వా పంటకాలంలో ట్రాక్టరు గట్టు మీంచి పక్కకు ఒరిగి ఆయన ఎడమ మోకాలు నలిగిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక కాలు ఉంది గాని మోకాలి కింద స్పర్శ లేదు. పొద్దున్నే కాఫీ అయ్యాక అమ్మ ఆ కాలిని ఒళ్ళో పెట్టుకుని గోరువెచ్చని నువ్వుల నూనె రాసేది. నాన్న ఆ పక్కకు చూడకుండా పేపరు చదువుకునేవాడు. ఇల్లంతా కాఫీ, నూనె కలిసిన వాసన. గాలి దక్షిణం నుంచి తిరిగితే దానికి కొల్లేటి ఎండుచేపల వాసన తోడయ్యేది. సాయంత్రం మాత్రం కర్ర పట్టుకుని మెల్లగా పాకలోకి నడిచి, కారు తలుపు తీసి, డ్రైవరు సీట్లో కూర్చునేవాడు. ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి క్లచ్చి మీద పెట్టుకునేవాడు. అది అలా వేలాడుతూ ఉండేది. చీకటి పడేదాకా కూర్చుని వచ్చేవాడు. అది చూడలేక అమ్మ ఆ వేళకి పెరట్లోకి పోయేది.

బండి ఊరికే ఉండకూడదని నాకు డ్రైవింగు నేర్పించాడు. తాడేపల్లిగూడెంలో యుద్ధం నాటి పాత రన్‌వే ఉంది. విమానాలు లేవు, మేకలు తిరిగేవి. అక్కడ వారం రోజులు పక్కన కూర్చుని, "అమ్మడూ, క్లచ్చి మెల్లగా వదులు, పిల్లిపిల్లని కింద పెట్టినట్టు" అని చెప్పి నేర్పాడు. నేర్చుకున్నాక నా బతుకే మారిపోయింది. అంతవరకూ నేను ఏలూరు కాలేజీకి బస్సులో వెళ్ళి, చెప్పిన వేళకి బస్సులో వచ్చే పిల్లని. స్టీరింగు చేతికొచ్చాక ఎరువుల కొట్టుకు నేనే, మిల్లుకు నేనే, డాక్టరు దగ్గరకు నేనే. ఉండి ఊరి సంతలో జనం ఆగి చూసేవారు. ఎప్పుడొస్తావని నన్ను అడగడం అమ్మ మానేసింది. సంబంధాలు చూడాలన్న బాబాయితో నాన్న, "ఇప్పుడు అమ్మడు లేకపోతే నాకు కాళ్ళూ చేతులూ ఆడవురా" అన్నాడు. ఆ మాట విని బాధపడాల్సింది పోయి, పొంగిపోయాను. నాన్న కాలు పోవడం వల్ల నాకు దొరికిన సుఖం అది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గాని, అప్పుడు సిగ్గనిపించలేదు.

అంతలో తాడేపల్లిగూడెం మెకానిక్కు సూరయ్య గారు మా ఇంటికి వచ్చాడు. సన్నగా, చెవిలో పెన్సిలు పెట్టుకుని, మాట్లాడే ముందు రెండుసార్లు గొంతు సవరించుకునే మనిషి. "అయ్యా, ఆ పాత ఆటోమేటిక్ బాక్సు మీ కొట్లోనే ఉందన్నారు కదండీ. దాన్ని ఈ డీజిలుకి కట్టేస్తే క్లచ్చే ఉండదండీ. కుడి కాలు ఒక్కటుంటే చాలండీ మీకు" అన్నాడు. నాన్న చేతిలో పేపరు పక్కన పెట్టాడు. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాన్న ముఖం అలా వెలగడం నేను ఏడాదిగా చూడలేదు. నాకు మాత్రం ఏలూరు బస్సు గుర్తొచ్చింది.

సూరయ్య గారు రెండు నెలలు ఆ పని మీదే ఉన్నాడు. ఇదేంటో నాన్నకు అర్థం కావాలని మా వరండాలో రెండు టేబులు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి, ఒకదానికే కరెంటిచ్చాడు. దాని గాలికి రెండోది తిరగడం మొదలుపెట్టింది. "ఇంతేనండీ కన్వర్టరంటే. ఇంజను వైపు ఒక రెక్కల చక్రం, చక్రాల వైపు ఒకటి, మధ్యలో గాలికి బదులు ఆయిలండీ. రెంటికీ ముడి ఉండదండీ" అన్నాడు. నాన్న రెండో ఫ్యాన్ను వేలితో ఆపి, వదిలి, మళ్ళీ ఆపి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఇక్కడే చిక్కొచ్చింది. కన్వర్టర్లు రెండయ్యాయి. ఒకటి బండితో వచ్చిన పాతది, పెద్దది. ఇంకొకటి సూరయ్య గారు మద్రాసు పాత సామాన్ల బజారులో ఎందుకైనా మంచిదని తెచ్చిన చిన్నది. పెద్దది బిగువు. ఇంజను ఊరికే తిరుగుతున్నా బండిని ముందుకు తోస్తుంది, డీజిలు కలిసొస్తుంది. చిన్నది వదులు. యాక్సిలరేటరు బాగా తొక్కి, ఇంజను గీపెట్టాక గాని కదలదు, కానీ ఆగినప్పుడు ఆగినట్టే ఉంటుంది. సూరయ్య గారు ఒక వారం ఒకటి, మరో వారం ఒకటి బిగించి రన్‌వే మీద నా చేత నడిపించాడు. ఏది బిగించాలో తేలాకే స్టీరింగు పట్టుకుంటానని నాన్న పక్క సీట్లో, రన్‌వే వంకే చూస్తూ కూర్చున్నాడు.

డీజిలింజను వేసినప్పటి నుంచీ మా బండి బ్రేకు రాయిలా ఉండేది. పెద్ద కన్వర్టరుతో ఆపాలంటే దాన్ని తొక్కిపట్టి ఉంచాలి. రెండు నిమిషాలకే నా పిక్క లాగేసింది. పంతొమ్మిదేళ్ళ కాలికే అలా ఉంటే, ఉన్న ఒక్క కాలితో యాభై రెండేళ్ళ మనిషికి ఎలా ఉంటుందో తెలియకపోవడానికి నేనేం పసిదాన్ని కాదు. చిన్నదానితో బ్రేకు మీంచి కాలు తీసేసినా బండి కదల్లేదు. రెండో వారం సాయంత్రం నాన్న కర్ర పట్టుకుని కొంచెం దూరం వెళ్ళినప్పుడు సూరయ్య గారు నా దగ్గరకొచ్చి, గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయిగారండీ, ఇంజనుకి ఏది నప్పుతుందో నేను చెప్పగలనండీ. పెద్దదే నప్పుతుంది. అయ్యగారి కాలికి ఏది నప్పుతుందో మీరు చెప్పాలండీ. మీరేదంటే అదే బిగించేస్తాను" అన్నాడు. అవతల నాన్న మేకల వంక చూస్తూ నిలబడ్డాడు. చిన్నది బిగిస్తే ఆయన హాయిగా నడుపుతాడు, నేను మళ్ళీ బస్సెక్కుతాను. పెద్దది బిగిస్తే పది రోజులు నడిపి, అలిసిపోయి, నాకే ఇచ్చేస్తాడు. అంత స్పష్టంగా అనుకున్నానా అంటే, అనుకున్నాను. "పెద్దదే బాగుందండీ" అన్నాను.

పది రోజుల్లో ఇచ్చేస్తాడనుకున్న మనిషి నెల దాటినా ఇవ్వలేదు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరేవాడు. అమ్మ ఇప్పుడు రెండు కాళ్ళకీ నూనె రాయాల్సి వచ్చింది. కుడి పిక్క రాత్రంతా లాగుతోందని ఆమెతో అన్నాడట, నాతో అనలేదు. నాతో అన్నది ఒకటే, "నువ్వు సరైనదే ఎంచావమ్మా, ఆడించినట్టు ఆడుతోంది" అని. నేను తల వంచుకుని పుస్తకంలోకి చూశాను.

అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంకల్లో, సర్కారు కాలువ అవతల. నాన్న కాలు పోయినప్పటి నుంచీ ఆమె వెళ్ళలేదు. మా మామయ్య మనవడి అన్నప్రాశనకు తానే తీసుకెళతానని నాన్న పట్టుబట్టాడు. కాలువ మీద అప్పుడు వంతెన లేదు, పంటు ఉండేది. రెండు నావలను పక్కపక్కన కట్టి, పైన బల్లలు పరిచి, చివర అడ్డంగా ఒక దుంగ తాళ్ళతో కడతారు. జీపులూ, ట్రాక్టర్లూ దాని మీదే దాటేవి. పంటు మీద ఒక కట్టుబాటు ఉంది. బండి ఎక్కగానే ఇంజను ఆపి, గేరులో వేసి ఉంచాలి. ఈ ప్రాంతపు బండ్లకు హ్యాండు బ్రేకు పనిచెయ్యడం అరుదు, గేరులో ఉంటే చక్రం తిరగదు. అందుకని న్యూట్రల్ చేస్తే పంటువాళ్ళు కేకలేసేవారు. దిగగలిగినవాళ్ళందరూ బండి దిగి నిలబడాలి కూడా. అమ్మ దిగదు, నీళ్ళు కనబడితే ఆమెకు కళ్ళు తిరుగుతాయి, వెనక సీట్లో కళ్ళు మూసుకుని ఒళ్ళో సున్నుండల డబ్బా పట్టుకుని కూర్చుంటుంది.

నేను దిగి బండికి ఎడమ పక్కన, నా సీటు వైపు నిలబడ్డాను. "గేరులో ఉంచండయ్యో! ఇంజను కట్టెయ్యండయ్యో!" అని పంటు మనిషి అరిచాడు. నాన్న గేరులోనే ఉంచాడు, ముప్పై ఏళ్ళ అలవాటు. ఇంజను మాత్రం ఆపలేదు. బ్యాటరీ బలహీనంగా ఉంది, ఆటోమేటిక్ బండిని తోసి స్టార్టు చెయ్యడం కుదరదు, పదిమంది ముందు బండి మొరాయిస్తే పరువు పోతుందని ఆయన భయం. "బ్రేకు మీద నా కాలుందిలేవయ్యా" అన్నాడు. పంటు కదిలింది. గాలికి కాలువలోని గుర్రపుడెక్క వాసన, కింద బల్లల్లో ఇంజను అదురు. కిటికీలోంచి నాన్న కుడి తొడ కనబడింది. పంచె కింద అది అదురుతోంది. కాలువ సగం దాటాం. నుదుటి మీద చెమట కారుతున్నా ఆయన తుడుచుకోవడం లేదు. న్యూట్రల్ చెయ్యండి నాన్నగారూ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అవతలి ఒడ్డుకు చేరగానే ఇక నా వల్ల కాదమ్మా అంటాడు, స్టీరింగు నాకిచ్చేస్తాడు అని ఆ క్షణాన కూడా నాకు తోచింది. నోరు మెదపలేదు.

అవతలి ఒడ్డు బురదకు పంటు గుద్దుకుని ఆగింది. ఆ కుదుపుకు నాన్న కాలు బ్రేకు మీంచి జారింది. అంతే, బండి ముందుకు దూకింది. అడ్డదుంగ తాళ్ళు తెంపుకుని నీళ్ళలో పడింది. ఎడమ ముందు చక్రం బల్ల అంచు దాటి గాల్లోకి వెళ్ళింది, పొట్ట బల్లల మీద ఆనింది, వెనక చక్రాలు ఇంకా తోస్తూనే ఉన్నాయి. పంటు ఆ పక్కకు ఒరిగి నీళ్ళు నా పాదాల మీదికొచ్చాయి. "క్లచ్చి! క్లచ్చి!" అని నాన్న అరుస్తున్నాడు. స్టీరింగు వదిలేసి రెండు చేతులతో తన ఎడమ మోకాలిని కిందికి నొక్కుతున్నాడు. అక్కడ క్లచ్చి పెడలే లేదు, సూరయ్య గారు ఎప్పుడో తీసేశాడు. నేను కిటికీలోంచి నడుం దాకా లోపలికి దూరి, గేరు రాడ్డు పట్టుకుని న్యూట్రల్‌లోకి తోశాను. ఇంజను ఒక్కసారి గట్టిగా మోగి, బండి తోయడం మానేసింది. నలుగురు మనుషులు వెనక బంపరు పట్టుకుని వేలాడారు, ఇంకెవరో తాడు తెచ్చారు. అప్పుడు అమ్మ కళ్ళు తెరిచి, "ఒడ్డొచ్చేసిందాండీ?" అని అడిగింది. నాన్న చేతులు ఇంకా మోకాలి మీదే ఉన్నాయి.

ఆ పూట అన్నప్రాశనలో నాన్న అందరికీ తనే చెప్పాడు, "నాదే పొరపాటు, గేరులో ఉంచేశాను" అని. మర్నాడు సూరయ్య గారు వచ్చి పెద్దది తీసి చిన్న కన్వర్టరు బిగించాడు. నాన్న లోపల పడుకున్నాడు. స్పానరు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "రన్‌వే మీద మీకు తేడా తెలీలేదాండీ?" అని అడిగాడు. "తెలిసిందండీ" అన్నాను. ఆయన చాలాసేపు ఆ స్పానరునే తుడిచాడు. "సరేలెండి" అన్నాడు చివరికి. ఆ మనిషి పోయేదాకా ఆ సంగతి ఇంకొకరి చెవిన వెయ్యలేదు. వెళ్ళేముందు లోపలికి పోయి, "అయ్యా, ఇప్పుడు బండి చాలా నెమ్మదిగా ఉందండీ, ఒక్కసారి కూర్చుని చూడండి" అని బతిమాలాడు. "వద్దులే సూరయ్యా, అమ్మడు నడుపుతుంది" అన్నాడు నాన్న. గోడ అవతల నేను విన్నాను.

హారికకు ఇంతవరకూ చెప్పాను. అది మా అరుగు మీద కూర్చుని, చల్లారిన కాఫీ తాగకుండా విన్నది. "ఏముంది చిన్నమ్మమ్మా, న్యూట్రల్ చేసి ఉంటే ఏ కన్వర్టరైనా ఒకటే. నీ తప్పేం ఉంది ఇందులో?" అంది. ఈ కాలం పిల్లలు తొందరగా క్షమించేస్తారు, మంచిదే. ఆ కాలువ మీద ఇప్పుడు వంతెన ఉంది, పంటు కట్టుబాటు చెప్పినా అర్థమయ్యేవాళ్ళు లేరు. షోరూముకు వెళ్ళి అడిగితే క్లచ్చి లేని కారు ఇస్తారు. మా వీధిలో పోలియో వచ్చిన టీచరమ్మ ఒకావిడ రోజూ భీమడోలు దాకా తనే నడుపుకుని వెళ్ళొస్తుంది. ఆవిడ హారను మోగించినప్పుడల్లా నేను కిటికీ దగ్గరకు వెళ్ళి చూస్తాను. హారిక కన్వర్టరు ఎంచేముందు ఒక కాగితం మీద ఇంజను బలం, బండి బరువు, టైర్ల సైజు, అన్నీ రాసుకుంటుందట. నడిపేవాళ్ళ కాలి సంగతి రాసుకోవా అని అడిగాను. కాసేపు నా ముఖంలోకి చూసి, "రాసుకుంటాలే" అంది. చిన్నదే తెప్పిస్తానని చెప్పి వ్యాను తిప్పుకుని వెళ్ళిపోయింది. దానికి చెప్పని ముక్క ఒకటి ఉంది.

చిన్న కన్వర్టరు బిగించిన వారానికి నాన్నను ఏలూరు డాక్టరుకు చూపించి తిరిగి వస్తున్నాను. భీమడోలు దగ్గర రైలు గేటు వేసి ఉంది. ముందు రెండు లారీలు, వెనక ఎడ్లబండి. నాన్న నా పక్కన కర్రను మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. గూడ్సు బండి, ఎంతకీ తెమలడం లేదు. అలవాటుగా నేను బ్రేకు మీంచి కాలు తీసేశాను. బండి కదల్లేదు. ఇంజను తనపాటికి తాను తిరుగుతోంది. నాన్న నా కాలి వైపే చూస్తున్నాడని కొంతసేపటికి గాని గమనించలేదు.

"బ్రేకు తొక్కలేదా అమ్మడూ?"

"లేదు నాన్నగారూ."

"గేరులోనే ఉందా?"

"గేరులోనే ఉందండీ."

ఆయన వంగి గేరు రాడ్డు చూశాడు, మళ్ళీ నా కాలు చూశాడు. గూడ్సు పెట్టెలు ఒకటొకటే పోతున్నాయి. "అయితే మొదటే ఇది వేసుంటే నాకూ ఇలాగే ఆగేదన్నమాట" అన్నాడు.

"ఆగేది నాన్నగారూ" అన్నాను.

రండి, సీట్లు మారదాం, ఇక్కణ్ణుంచి మీరే పోనివ్వండి అని నేను అంటానేమోనని ఎదురుచూశాడో లేదో నాకు తెలియదు. ఆయన చెయ్యి మాత్రం తలుపు పిడి మీద ఉంది. అంత సమయమూ ఉంది, చివరి పెట్టె ఇంకా రాలేదు. నేను అనలేదు. గేటు ఎత్తారు. లారీలు కదిలాయి. నాన్న పిడి మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేనే పోనిచ్చాను.